ఎర్రకట్టలో ఆదెయ్య మునక

దుత్తలూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డులో, దుర్గం కొండ ఇంకా దూరంగా నీలంగా కనబడే చోట, సిమెంటు ఆర్చి ఒకటి వస్తుంది. దాని మీద రెండు సిమెంటు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉంటాయి. ముద్దు పెట్టుకుంటున్నాయో పొడుచుకుంటున్నాయో వాటిని పోసిన మేస్త్రీకే తెలియాలి. కింద ‘ఎర్రకట్ట పక్షి ఆవాస, విహార కేంద్రం’ అని బంగారు రంగు అక్షరాలు. అంతా చదివి లోపలికి పోయినవాడికి కనబడేది ఒక మట్టి కట్ట, దాని వెనక కుంటెడు నీళ్లు.

ఆ కట్ట ఎవరు వేయించారో చెప్పే శాసనం ఏదీ లేదు. ఉదయగిరిని ఏలినవాళ్లు తక్కువమంది కాదు. గజపతులు ఏలారు, రాయలవారు ముట్టడించి పట్టుకున్నారు, తర్వాత నవాబులు వచ్చారు. జనం వీళ్లందరి మాటా విన్నారు గానీ వాన మాత్రం ఎవరి మాటా వినలేదు. అందుకని ఏ రాజ్యంలోనైనా వాగుకు అడ్డంగా ఎర్రమట్టి పోసి, ఎద్దులతో తొక్కించి, పడిన నాలుగు చినుకులను ఆపుకోవడం ఊరివాళ్ల పనిగానే ఉండిపోయింది. రాజులు కట్టిన కోటలోకి ఇప్పుడు మేకలు పోతున్నాయి. ఊరివాళ్లు పోసిన కట్ట వెనక నీళ్లు నిలుస్తూనే ఉన్నాయి.

కొన్నేళ్ల కిందట ఒక శాఖవారికి ఈ కుంటలో కొంగలున్నాయని తెలిసింది. కొంగలు అంతకుముందూ ఉన్నాయి. శాఖకు తెలియడమే కొత్త. వెంటనే కట్టకు రాళ్లు పరిచారు. కుంట నడుమ మట్టి దిబ్బలు పోసి, పక్షులు గూళ్లు పెట్టుకోవడానికి తుమ్మచెట్లు నాటారు. ఏడాది పొడుగునా నీళ్లుండాలని తూము మూసేశారు. మా వరికి నీళ్లేవని ఆయకట్టు రైతులు అడిగితే, ఈ పక్షులు ఎంత దూరం నుంచి వస్తాయో తెలుసా అని ఎదురు అడిగారు. పక్క పొలం నుంచి వచ్చినవాడు సైబీరియా నుంచి వచ్చినదానితో ఏమని వాదిస్తాడు? రైతులు నోరు మూసుకుని జామాయిలు వేసుకున్నారు.

పక్షులకు ఆవాసం అయింది, ఇక మనుషులకు విహారం కావాలి. దానికోసం సిమెంటు బెంచీలు, ఫొటోలు దిగడానికి రెక్కల బొమ్మ గీసిన గోడ, ఈ జిల్లా మొహం ఎన్నడూ చూడని ఒక సిమెంటు జిరాఫీ వచ్చాయి. అన్నిటికీ మించి, కాళ్లతో తొక్కితే కదిలే ప్లాస్టిక్ హంస పడవ. హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని చిన్నప్పుడు పుస్తకాల్లో చదివాం. ఈ హంస అడుగున చిన్న చీలిక ఉన్నందున నీళ్లనూ ఎక్కినవాళ్లనూ కలిపేది.

ఇంత సంపదకు కాపలాదారు ఆదెయ్య.

ఆదెయ్య వాళ్ల నాయన ఆ కుంట తూము ఎత్తి దించే మనిషి. ఆ సంగతి తెలిసిన మోహన్‌కృష్ణ, అంటే ఆ చుట్టుపక్కల పొలమూ పలుకుబడీ రెండూ ఉన్న కుటుంబం మనిషి, విహార కేంద్రం కమిటీకి ఛైర్మన్ కాగానే ఆదెయ్యను పిలిపించాడు. “మీ నాయన నీళ్లకాడ బతికినోడు. నువ్వు నీళ్లకాడ పుట్టినోడివి. నీకంటే ఎవురుండార్రా?” అన్నాడు. ఈత వచ్చునా అని ఎవరూ అడగలేదు. చేపను అడుగుతారా?

నిజానికి ఆదెయ్య పుట్టిన తర్వాత తనంతట తాను ఎన్నడూ మోకాలు దాటి నీళ్లలో దిగలేదు. చిన్నతనంలో తోటి పిల్లలు తూము ముందరి గుంటలోకి నెట్టారు. పైకి తీసేసరికి కడుపు కుండలా ఉంది. అప్పటినుంచి ఆయనకూ నీళ్లకూ మధ్య చెంబు ఒకటి ఉండాల్సిందే. చెంబుతో పోసుకుంటాడు, గ్లాసుతో తాగుతాడు. అంతకు మించిన చనువు లేదు. ఇది తెలిసినది లోకంలో ఒక్క మనిషికి, ఆయన భార్య లిదియమ్మకు.

మామూలుగా అయితే నీళ్లంటే భయపడే మనిషి మెట్ట ప్రాంతంలో హాయిగా బతికిపోవచ్చు. ఆదెయ్య ఖర్మ ఏమంటే, ఆయన పుట్టింది బాప్టిస్టుల ఇంట్లో. ఆ పక్క ఊళ్లకు ఎప్పుడో గుర్రాల మీద వచ్చిన మిషనరీ దొరలు నుదుటి మీద నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టుకునే తెగవాళ్లయితే ఈ కథే లేదు. వచ్చినవాళ్ల లెక్కలో చల్లితే అది తడి, బాప్తిస్మం కాదు. మనిషికి బుద్ధి తెలిసి, తనంతట తాను నమ్మి, నిండు నీళ్లలో తలతో సహా మునిగి లేవాలి. తాగడానికి నీళ్లు దొరకని తాలూకాకు వచ్చి, మునగడానికి నీళ్లు కావాలనే మతాన్ని బోధించారంటే వాళ్ల విశ్వాసం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

అందువల్ల ఎర్రకట్ట సంఘంలో బాప్తిస్మాలు ఎప్పుడూ క్రిస్మస్ వెళ్లాక, తుపాను వానలకు కుంట నిండి ఉన్నప్పుడే జరిగేవి. వానలు లేని ఏడాది ఆదెయ్య, “నీళ్లు లేవు గదా అయ్యగారూ, నేను మాత్రం ఏం జేస్తా” అని దేవుడి మీదికి తోసేవాడు. వానలు పడిన ఏడు జలుబు చేసేది. జలుబు తగ్గిన ఏడు బీడీలు మానేశాక తీసుకుంటా అనేవాడు. బీడీలు మానకుండా జాగ్రత్తపడేవాడు. ఇట్లా కొడుకు పెళ్లి అయింది, మనవరాలు కాలేజీకి వచ్చింది. ప్రభువు బల్ల ఆదివారం నాడు రొట్టె పళ్లెం మగవాళ్ల వరసలో చేతులు మారుతూ వచ్చి, బాప్తిస్మం లేని ఆదెయ్య ముందు నుంచి, ఎక్స్‌ప్రెస్ రైలు చిన్న స్టేషన్ దాటినట్టు పోయేది. అవతలి వరసలో, స్త్రీల సమాజానికి పెద్ద అయిన లిదియమ్మ ఆ సమయానికి గోడ మీది క్యాలెండరు చూసుకునేది.

ఉద్యోగంతో ఆదెయ్య దశ తిరిగింది. కాకీ చొక్కా ఇచ్చారు, విజిల్ ఇచ్చారు. కట్ట మీద ‘నీటిలో దిగరాదు’ అని బోర్డు పాతారు. ఇన్నేళ్లూ తన కడుపులో దాచుకున్న మాటను ప్రభుత్వం పెద్దక్షరాలతో రాయించి నిలబెట్టేసరికి ఆదెయ్యకు ప్రభుత్వం మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. బట్టలుతికేవాళ్లను తరిమాడు, గేదెలను తరిమాడు, గాలాలు వేసే పిల్లలను తరిమాడు. ఇంత నిజాయితీపరుడు తమ శాఖలో ఉన్నందుకు పై అధికారులే కొంచెం ఇబ్బంది పడ్డారు.

మొన్న జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే సంఘం అంతా డోలక్కు వాయించుకుంటూ కట్ట ఎక్కింది. ముందు పాస్టరు పాల్ అయ్యగారు, వెనక తెల్లబట్టల్లో బాప్తిస్మం తీసుకునే పడుచువాళ్లు. వాళ్లలో ఆదెయ్య మనవరాలు షైనీ. దాని పక్కన తువ్వాలు పట్టుకుని లిదియమ్మ. ఎదురుగా విజిల్ మోగింది.

“ఎవురూ దిగబాకండి! బోర్డు కనబళ్లా?”

పాల్ అయ్యగారు వేళాకోళం అనుకున్నారు. “ఏంది ఆదెయ్యా, జరుగు. పిల్లలు చలికి వణుకుతుండారు.”

“నేను ఇప్పుడు మీ ఆదెయ్యను గాదు అయ్యగారూ. డ్యూటీలో ఉండా. పక్షులు గుడ్లు పెట్టే సీజను. బెదురుతాయి.”

“మీ నాయన్ను ముంచింది ఈ నీళ్లలోనే గదరా!” అని వెనకనుంచి ఒక ముసలాయన అరిచాడు.

“అప్పుడు పక్షులకు హక్కుల్లేవు. ఇప్పుడుండాయి.”

లిదియమ్మ ముందుకొచ్చింది. “ఆ ప్లాస్టిక్ హంసలో కూర్చోని సినిమా పాటలు పెట్టుకోని తొక్కతుండారే, దానికి బెదరని పక్షులు దేవుని పాటకు బెదరతాయా?”

“అది టికెట్టు మీద పోతుండాది. మీకు టికెట్టుండాదా?”

“తాతా, రెండు నిమిషాలు!” అంది షైనీ.

విజిల్ మళ్లీ మోగింది. కొంగలు అన్నీ లేచిపోయాయి. ఆ పొద్దు వాటిని బెదరగొట్టినది అదొక్కటే.

చివరికి అందరూ ఒక రైతు బోరు దగ్గరి సిమెంటు తొట్టికి పోయారు. గొడ్లు నీళ్లు తాగే తొట్టి. ముంచేటప్పుడు షైనీ మోచెయ్యి గోడకు గీసుకుని చర్మం లేచింది. తెల్ల ఓణీకి నాచు అంటింది.

ఆ మాపటికి లిదియమ్మ ఆదెయ్యను గుమ్మంలోనే ఆపింది.

“నువ్వు రూలు కోసం ఊదలా. ఆ నీళ్లలో సంఘం దిగితే నిన్ను గూడా దిగమంటారని ఊదినావు. అవునా కాదా?”

ఆదెయ్య చొక్కా గుండీ చూసుకున్నాడు.

“యాడ ఊదినావో ఆడనే నువ్వు తల మునిగి లేచిన దినం మళ్లా నీకు కూడు పెడతా. అందాకా నా పొయ్యి కాడికి రాబాక, నాతో మాట్లాడబాక.”

“సోమశిల డ్యాముకు పోదాం లేవే. ఆత్మకూరు బస్సెక్కి, అనంతసాగరం కాడ ఆటో పట్టుకుంటే...”

“సోమశిలలో ఊదినావా?”

“ఉద్యోగం పోతాదే!”

“ఉద్యోగం రాకముందు నువ్వు బతకలా?”

తలుపు మూసుకుంది. పడక వసారాలోకి మారింది, భోజనం దుత్తలూరు సెంటర్‌కు మారింది. అక్కడ హోటలు నడిపే రాజా పరోటా వేస్తూ రోజుకొక మాట వడ్డించేవాడు. “ఏంది మామా, మీ ఇంట్లో పొయ్యి కాడ గూడా బోర్డు పెట్టినారా?” ఆదెయ్య నవ్వేవాడు కాదు. సెంటర్ పరోటాలకు ఆయన కడుపు చెడింది. దానికంటే ఎక్కువగా, ఇంట్లో మాట లేదు. నీళ్లలో దిగితే ఉద్యోగం పోతుంది, దిగకపోతే భార్య పోయినట్టే. రెండూ కాక, దిగగలడా అన్నది వేరే సంగతి. రెండు మూడుసార్లు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కుంట అంచుకు పోయి చెప్పులు విడిచాడు. మోకాళ్లదాకా పోయి తిరిగొచ్చాడు. చూసినది కొంగల్లో ఒక నారాయణపక్షి మాత్రమే. అదీ చెప్పుకునే రకం కాదు.

ఫిబ్రవరి మొదట్లో చిత్తడి నేలల దినోత్సవం వచ్చింది. ప్రపంచమంతా చేసుకుంటుందట. ఎర్రకట్టకు ఆత్మకూరు నుంచి పెద్దాఫీసరు రమేష్‌బాబు వచ్చాడు. ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నారాయణపక్షి బొమ్మకు బదులు ఎక్కడిదో ఆఫ్రికా పక్షి బొమ్మ పడింది. రాజహంస అని రాశారు. స్కూలు పిల్లలను ఎండలో నిలబెట్టి ప్రకృతిని ప్రేమిస్తామని ప్రమాణం చేయించారు. పక్షుల సంగతి ఒక గంట మాట్లాడారు, మైకులో. పక్షులు అనంతసాగరం వైపు వెళ్లిపోయాయి.

పాల్ అయ్యగారూ, లిదియమ్మా, ఇంకొందరు ఆడవాళ్లూ ఒక పక్కగా నిలబడి ఉన్నారు. ఏడాదికి ఒక్క ఆదివారం సంఘానికి నీళ్లలో దిగే అనుమతి అడగడానికి వచ్చారు. రమేష్‌బాబు వాచీ చూసుకుని, “ముందు బోటింగ్ కానివ్వండి. తర్వాత వింటాను. విహారం ఆలస్యం కాకూడదు” అన్నాడు.

రమేష్‌బాబూ మోహన్‌కృష్ణా నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని హంస ఎక్కారు. హంస కొంచెం కిందికి దిగింది. ఇద్దరూ తొక్కారు. ఫొటోలు తీశారు. ఛైర్మన్‌కు ఉత్సాహం ఎక్కువై, పక్షుల దిబ్బ దగ్గరనుంచి చూద్దాం అన్నాడు. శాఖవారు పోసిన ఆ దిబ్బ మట్టి వానలకు కరిగి నీళ్ల కింద పరుచుకుని ఉంది. హంస నేరుగా పోయి బురదలో రొమ్ము దిగేసి, ఒక పక్కకు వాలి, ఆగిపోయింది. ఎంత తొక్కినా ముక్కు మాత్రం పైకీ కిందికీ ఆడింది.

“ఒరే ఆదెయ్యా! వచ్చి నెట్టరా!”

ఆదెయ్య కట్ట మీదనుంచి అరిచాడు, “సార్, నీటిలో దిగరాదు!”

పిల్లలు నవ్వారు. మోహన్‌కృష్ణ మొహం జాకెట్టు రంగుకు తిరిగింది. “రూలు నాకే చెప్తుండావురా? దిగరా, లోపలికి నీళ్లొస్తుండాయి!”

“స్టాఫ్ దిగొచ్చు! నేను ఆర్డర్ ఇస్తున్నాను!” అన్నాడు రమేష్‌బాబు.

ఇక బోర్డు కాపాడదు. ఆదెయ్య చెప్పులు విడిచి దిగాడు. మోకాళ్లదాకా పోయాడు. అక్కడ ఆయన రోజూ ఆగే చోటు వచ్చింది. ఆగాడు. ముందుకు పెట్టిన అడుగు మళ్లీ వెనక్కి తీసుకోవడం కట్ట మీదివాళ్లకు కూడా కనబడింది. ఇన్నేళ్లు దాచిన సంగతి ఊరందరికీ ఆ ఒక్క క్షణంలో అర్థమైంది. ఎవరూ నవ్వలేదు, పిల్లలతో సహా.

“సార్, నేను తోడు దిగొచ్చునా?” అని పాల్ అయ్యగారు గొంతెత్తి అడిగారు.

“దిగండి! ఎవరైనా దిగండి! పర్మిషన్ ఇచ్చాను, నా షూస్ మునిగిపోతున్నాయి!”

అయ్యగారు వాచీ తీసి లిదియమ్మ చేతికిచ్చి, తెల్లచొక్కాతోనే నీళ్లలోకి పోయారు. ఆదెయ్య చెయ్యి పట్టుకున్నారు. నడుము దాటింది. రొమ్ముదాకా వచ్చింది. ఆదెయ్య కళ్లు గట్టిగా మూసుకుని, అయ్యగారి చొక్కా చేతిని గుంజి పట్టుకున్నాడు. అప్పుడు కట్ట మీదనుంచి వినబడింది.

“అయ్యగారూ! పెద్దసారు ఎవురైనా దిగమనినాడు. ఎట్టాగూ దిగినాడు గదా, ముంచండి!”

నెల తర్వాత లిదియమ్మ నోటినుంచి ఆయనను గురించి వచ్చిన మొదటి మాట అది. ఆదెయ్య కళ్లు తెరిచి చూశాడు. ఆమె బోర్డు దాటి, చెప్పులతోనే నీళ్ల అంచులో నిలబడి ఉంది.

“ఏం ఆదెయ్యా? నీ ఇష్టం. బలవంతం లేదు” అన్నారు అయ్యగారు నెమ్మదిగా.

“సార్లను నెట్టినాక...”

“సార్లు యాడికి పోతారు? బురదలో ఉండారు” అన్నారు అయ్యగారు.

ఆదెయ్య ఒకసారి హంసవైపు, ఒకసారి అంచున ఉన్న మనిషివైపు చూశాడు. “ముంచండి” అన్నాడు.

“యేసు ప్రభువు నీ రక్షకుడని నమ్ముతుండావా?”

“నమ్ముతుండా.”

“నిజంగా నమ్ముతుండావా?”

“నమ్ముతుండా, నమ్ముతుండా, గట్టిగా పట్టుకోండి అయ్యగారూ!”

ఆ నమ్మకంలో దేవుడి మీద ఎంతో, పాల్ అయ్యగారి మోచేతుల మీద ఎంతో వేరు చేసి చెప్పగల వేదాంతి ఆ జిల్లాలో లేడు. అయ్యగారు కూడా అడగలేదు. ముక్కు మూసి, వెనక్కి వాల్చి, నిండా ముంచి లేపారు. ఆడవాళ్లు కట్ట మీద పాట ఎత్తుకున్నారు. “ఏమైంది? మునిగిపోయాడా? ఎవరైనా వీడియో తీస్తున్నారా?” అని హంసలోనుంచి రమేష్‌బాబు కేకలు పెడుతున్నాడు.

తర్వాత ఇద్దరూ పోయి హంసను నెట్టారు. ఆదెయ్య మెడలోతు నీళ్లలో నిలబడి, ప్రభుత్వాన్నీ ఛైర్మన్‌నీ బురదలోనుంచి బయటికి తోశాడు.

ఆ మధ్యాహ్నం లిదియమ్మ సంగటి కెలికింది, చేపల పులుసు పెట్టింది. పళ్లెం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“నీళ్ల లోపల ఏమనుకున్నావు?”

“ఏమనుకుంటా? కండ్లు తెరిచినా. అంతా ఎర్రగా ఉండాది. చెవుల్లో గుయ్‌మంటాది.” ఒక ముద్ద మింగాడు. “దీనికా ఇన్నేండ్లు అనుకున్నా.”

“నేను మాత్రం అనుకోలేదా?” అంది లిదియమ్మ. పులుసు ఇంకో గరిటె వేసింది.

మరుసటి రోజు పేపర్లో జిల్లా పేజీలో ఫొటోతో వచ్చింది, ‘నీట మునిగిన కాపలాదారును కాపాడిన పాస్టర్. సమయస్ఫూర్తి చూపిన అధికారి’. శాఖవారు పాల్ అయ్యగారికి శాలువా కప్పి, ఉదయగిరి చెక్క గరిటెల పెట్టె బహూకరించారు. ఆయన వద్దనలేదు. అదే ఊపులో ఏడాదికో ఆదివారం అనుమతి కూడా సంపాదించారు. శాలువా కప్పినవాడికి కాదనడం ఏ అధికారికైనా కష్టం.

ఆదెయ్యను ఆత్మకూరు ఆఫీసుకు పిలిచారు. బస్సులో పోతున్నంతసేపూ ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు. పోతే పోనీ అని కూడా అనుకున్నాడు. రమేష్‌బాబు ముందు నిలబడి, అడగకముందే చెప్పేశాడు.

“సార్, నేను మునిగిపోలా. బాప్తిస్మం తీసుకున్నా. మీరు బురదలో ఉన్నప్పుడే తీసుకున్నా. డ్యూటీలో తీసుకున్నా.”

రమేష్‌బాబు పేపరు కటింగు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది కలెక్టర్ ఆఫీసుకు పోయింది. పైనుంచి అభినందన వచ్చింది. నువ్వు మునిగిపోతున్నావు, మేం కాపాడాం.”

“లేదు సార్, నేను...”

“ఆదెయ్యా, నువ్వు చాలా భయంలో ఉన్నావు. నీకు గుర్తుండదు.”

జీవితంలో మొదటిసారి ఒక మనిషి ధైర్యంగా తన విశ్వాసాన్ని ఒప్పుకుంటే, వినడానికి సిద్ధంగా ఉన్నవాడు దొరకలేదు. ఉద్యోగం పోలేదు. దానికి బదులు ఒక ఉత్తర్వు వచ్చింది. ఈత రాని సిబ్బంది కట్ట మీద పని చేసేంతసేపూ లైఫ్ జాకెట్టు తొడుక్కోవాలి.

ఈ ఎండాకాలం ఎర్రకట్టకు పోయినవాళ్లు చూసే ఉంటారు. ఎండకు కుంట సగానికి దిగిపోయి, అంచుల్లో బురద పెచ్చులు లేచి, కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉంటే, కట్ట మీద ఒక ముసలాయన మెడదాకా బిగించిన నారింజ జాకెట్టులో, చెమటలు కారుతూ తిరుగుతుంటాడు. షేర్ ఆటోల్లో పోయే కుర్రాళ్లు తలలు బయటపెట్టి, “మామా, నీళ్లొస్తుండాయి, పరిగెత్తు!” అని అరుస్తారు. కట్ట దిగువన క్యారేజీ పట్టుకుని ఎక్కివస్తున్న లిదియమ్మ ఆగి, ఆటో వైపు తిరిగి, “రేయ్, మీ నాయన్ను అడగండిరా ఎన్నిసార్లు మునిగినాడో, సారాయి అంగట్లో!” అని బదులిస్తుంది.

తర్వాత ఆయన దగ్గరికొచ్చి, తుమ్మచెట్టు నీడలో క్యారేజీ విప్పుతుంది.

“ఆ దరిద్రం విప్పి కూర్చోయ్యా. ఎవురూ చూడటంలే. ఉక్కకు సచ్చిపోతావు.”

“రూలు గదే” అంటాడు ఆదెయ్య, బకిల్స్ విప్పుతూ.